పాత ఫైబర్ బోటు బాగుచేయడం: ముందు వెనక పలక, ఆ తర్వాతే మోటార్

పాత ఫైబర్ బోటు చేతికొచ్చిన రోజే చాలామంది అడిగేది ఒకటే: దీనికి ఎన్ని హెచ్‌పీల మోటార్ పెట్టాలి? అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. మోటార్ బరువు, అది నెట్టే తోపు, అల కొట్టినప్పుడు వచ్చే కుదుపు, అన్నీ పడేది బోటు వెనక ఉండే నిలువు పలక మీద. దాన్నే ట్రాన్సమ్ అంటారు. పైన ఫైబర్ నిగనిగలాడుతున్నా లోపలి ప్లైవుడ్ కుళ్లి ఉంటే, కొత్త మోటార్ ఆ పలకను ఎక్కువ కాలం నిలవనివ్వదు. కాబట్టి ముందు బాడీ, తర్వాత వెనక పలక, ఆపైన బరువు లెక్క, చివరికి మోటార్. డబ్బు కూడా ఇదే వరుసలో ఖర్చు పెట్టండి.

ఉప్పాడ, పూడిమడక, భీమిలి లాంటి చోట్ల ఇసుక మీదికి లాగి పెట్టే 7 మీటర్ల, అంటే 23 అడుగుల, డెక్ లేని బోటును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ఏటిలోనో జెట్టీ దగ్గరో నీళ్లలోనే ఉండే బోటుకు ఎక్కడ తేడా వస్తుందో మధ్యలో చెబుతాను.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. బోటు ఆరడానికి అంతకన్నా మంచి ఎండ దొరకదు. చిక్కల్లా ఏమిటంటే, ఊళ్లో అందరూ అప్పుడే పని పెట్టుకుంటారు, ఫైబర్ మేస్త్రీ మాత్రం ఒక్కడే ఉంటాడు. మేస్త్రీతో మార్చిలోనే మాట్లాడుకోండి. రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు), మ్యాట్ (గాజుపోగుల చాప) కూడా ముందే తెచ్చుకోండి, కానీ డబ్బాల మీద తయారీ తేదీ చూడండి. పాతబడ్డ రెజిన్ ఎండ తగిలే షెడ్డులో ఉంటే డబ్బాలోనే జిగురు కట్టేస్తుంది.

ముందు వినండి, తర్వాత కోయండి

బోటును మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడగండి. ఉప్పు మిగిలితే కొత్త ఫైబర్ అంటుకోదు. తర్వాత బోటును సమంగా దుంగల మీద నిలబెట్టి, లోపల ఓ 10 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పోసి ఓ రాత్రి వదిలేయండి. పొద్దున్నే కింద ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ మార్కర్‌తో గుండ్రం గీయండి. కంటికి కనిపించని సన్న పగుళ్లు కూడా దీంతో దొరుకుతాయి.

నీళ్లు తీసేశాక చిన్న సుత్తి పిడితోనో రూపాయి బిళ్లతోనో బాడీ అంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్న చోట టక్ మని తెగిన శబ్దం వస్తుంది. పొరలు విడిపోయిన చోట, లోపల చెక్క మెత్తబడిన చోట డొల్లగా, మొద్దుగా వినిపిస్తుంది. ముఖ్యంగా నాలుగు చోట్ల తీరిగ్గా తట్టండి: వెనక పలక, అడుగున ముందు నుంచి వెనక్కి సాగే కీల్, అడ్డబల్లలు బాడీకి అతికిన మూలలు, వల లాగేటప్పుడు రాపిడి పడే అంచు. అన్నిటికంటే ముందు అరిగేది కీల్. రోజూ ఇసుక మీద ఈడ్చే బోటుకు అక్కడ మ్యాట్ పోగులు బయటికి వచ్చేసి ఉంటాయి. ఆ పోగుల వెంట నీళ్లు పొరల్లోకి పాకుతాయి.

పైపూత మీద చెట్టు కొమ్మల్లా పాకే సన్న గీతలు చూసి కంగారు పడొద్దు. చాలాసార్లు అవి పైపూతకే పరిమితం. ఒకచోట గీకి చూడండి. గీత కింద ఫైబర్ తెల్లబడి ఉంటే మాత్రం అక్కడ దెబ్బ లోతుగా తగిలినట్టే.

బోటు ఇంకా కొనలేదనుకుంటే, ఈ తట్టే పని బేరానికి ముందే చేయండి. కాగితాలూ అప్పుడే చూడండి. బాడీ మీద ఐఎన్‌డీ-ఏపీ అని మొదలయ్యే నంబర్, రిజిస్ట్రేషన్ కాగితం మీది నంబర్ ఒకటేనా? అమ్మేవాడి పేరే ఉందా? పేరు మార్పు మత్స్యశాఖ దగ్గర జరగాలి. ఆ కాగితం లేని బోటు ఎంత చవగ్గా వచ్చినా నేనైతే వదిలేస్తాను.

వెనక పలక

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. లోపలి వైపు నుంచి, నీళ్లు వదిలే బిరడా (డ్రెయిన్ ప్లగ్) దగ్గర, పాత మోటార్ బోల్టుల దగ్గర, కింది మూలల్లో 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో చెక్క వరకు రంధ్రాలు వేయండి. బయటి పొర దాటకుండా బిట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. వచ్చే పొట్టు పొడిగా, లేత రంగులో ఉంటే పలక బాగున్నట్టే. ఆ రంధ్రాలు ఎపాక్సీతో (ఇది ఇంకా గట్టిగా అతికే, ఖరీదైన రకం రెజిన్) మూసేయండి. పొట్టు నల్లగా, తడిగా, పుల్లటి వాసనతో వస్తే పలక మార్చాల్సిందే. తడి చెక్క మీదే పైన రెండు పొరలు మ్యాట్ వేసి అమ్మేసేవాళ్లు ఉంటారు. ఆ తడి లోపలే ఉండిపోయి మిగతా చెక్కను కూడా తినేస్తుంది.

మార్చాలంటే లోపలి ఫైబర్ పొరను చుట్టూ 5, 6 సెంటీమీటర్ల అంచు వదిలి గ్రైండర్‌తో కోసి తీయండి. బయటి పొర అచ్చులా పనికొస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. కుళ్లిన చెక్కనంతా ఉలితో తవ్వి తీసి, లోపలి ముఖాన్ని 40 నంబర్ ఎమరీతో గరుకు చేయండి. అట్టముక్కతో సరిగ్గా కొలత తీసి కొత్త ప్లై కోయండి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే వాడండి. ఇంటి అల్మరాలకు వాడే ప్లై పొరలు సముద్రపు తడికి విచ్చుకుంటాయి. 18 మిల్లీమీటర్లవి రెండు కలిపి అతికిస్తే 36 వస్తుంది. ఫైబర్ పొరలతో కలిపి 40 నుంచి 45 మిల్లీమీటర్లు అవుతుంది. చిన్న, మధ్యరకం మోటార్లను పలకకు పట్టి ఉంచే క్లాంపులకు అది సరిపోయే మందం. అయినా కొనబోయే మోటార్ క్లాంపు ఎంత వరకు తెరుచుకుంటుందో చూసుకోండి.

ప్లై అంచులకు రెండుసార్లు రెజిన్ పట్టించి ఆరనివ్వండి. చెక్క నీళ్లు తాగేది అంచుల నుంచే. పాత ఫైబర్‌కు ప్లైని అతికించడానికి చిక్కగా కలిపిన ఎపాక్సీ మేలు, ధర ఎక్కువైనా సరే. ఆరిపోయిన పాత ఫైబర్‌ను మామూలుగా వాడే పాలియెస్టర్ రెజిన్ కన్నా ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎపాక్సీ వేసిన చోట దాని మీద మళ్లీ మామూలు పాలియెస్టర్ రెజిన్ సరిగా అతకదు. పలక పని ఎపాక్సీతో మొదలుపెడితే ఎపాక్సీతోనే ముగించండి. అప్పుడు మ్యాట్ కూడా ఎపాక్సీకి పనికొచ్చేదే అడిగి తీసుకోండి. మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు ఎపాక్సీలో సరిగా కరగకపోవచ్చు. గాజుపోగులతో గుడ్డలా నేసిన రోవింగ్‌కు ఆ బెడద లేదు.

ప్లైని బోల్టులతో బిగించి ఆరాక, మూలల్లో పుట్టీతో గుండ్రటి మలుపు ఇవ్వండి. పదునైన మూలలో మ్యాట్ పైకి లేస్తుంది, కింద గాలి మిగులుతుంది. ఆ మీద కనీసం నాలుగు పొరలు వేయండి. ప్రతి పొరా పక్క గోడల మీదికి, అడుగు మీదికి 15 సెంటీమీటర్లు పాకాలి. తోపును బాడీ అంతటికీ పంచేది ఆ పాకిన భాగమే.

మోటార్ బోల్టుల రంధ్రాలు వేసే పద్ధతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పాత పలక కుళ్లింది బహుశా వాటి వల్లే. 12 మిల్లీమీటర్ల బోల్టు కావాలంటే ముందు 18 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. దాన్ని చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపి, ఆరాక మధ్యలో 12 వేయండి. ఇప్పుడు సీలెంట్ పాడైనా నీళ్లు చెక్కను తాకవు. డ్రెయిన్ ప్లగ్‌కు కూడా ఇదే పద్ధతి.

పగుళ్లు, కీల్

దెబ్బ తగిలిన చోట పుట్టీ పూసి రంగు వేస్తే అది బాగుచేయడం కాదు, దాచడం. పగులు చుట్టూ ఫైబర్‌ను గ్రైండర్‌తో ఏటవాలుగా చెక్కాలి. బాడీ మందానికి 12 రెట్లు వెడల్పు ఉండాలి. 5 మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ 60 మిల్లీమీటర్లు. ఆ ఏటవాలు మీదే కొత్త పొర పట్టు దొరికించుకుంటుంది. గ్రైండ్ చేయడానికి ముందే ఎసిటోన్‌తో తుడవండి. ముందు గ్రైండ్ చేస్తే పైనున్న మైనం, గ్రీజు గీతల్లోకి దిగిపోతాయి.

నేనైతే పెద్ద ముక్క ముందు వేసి, దాని మీద చిన్నవి వేస్తాను. కొందరు మేస్త్రీలు తిరగేసి వేస్తారు. ఏటవాలు సరిగ్గా ఉంటే రెండూ నిలుస్తాయి, ఆ వాదనలో పొద్దు పుచ్చొద్దు.

సరుకు లెక్క ఇలా వేసుకోండి. 450 గ్రాముల మ్యాట్ ఒక చదరపు మీటరుకు సుమారు 1 కిలో రెజిన్ తాగుతుంది, మందం 1 మిల్లీమీటరు వస్తుంది. 600 గ్రాముల రోవింగ్ తన బరువంత రెజిన్ చాలు. మ్యాట్, రోవింగ్, మ్యాట్ అని మార్చి మార్చి వేయండి. ఒకేసారి మూడు పొరలకు మించి వేస్తే వేడి పెరిగి లోపల పొగలు కక్కుతుంది.

కీల్‌కు వెడల్పు పట్టీలుగా మ్యాట్ కోసి, కింద వెడల్పైనది, పైన సన్ననిది వేసుకుంటూ నాలుగైదు పొరలు ఎక్కించండి. ఆ మీద అరిగితే మార్చుకునేలా గట్టి ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగిస్తే ఇసుక రాపిడి దాని మీద పడుతుంది. స్క్రూలు బాడీలోకి పూర్తిగా దిగకుండా చూసుకోండి.

రెజిన్ కలపడం, మే నెల ఎండలో

ఇక్కడ పొరపాటు జరిగితే చేతులు, కళ్లు పోతాయి. పాలియెస్టర్ రెజిన్‌కు రెండు కలుపుతారు: వంకాయ రంగులో ఉండే కోబాల్ట్, నీళ్లలా కనిపించే హార్డెనర్. ఈ రెండూ నేరుగా ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే మంటలు రావచ్చు, పేలవచ్చు. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో వేసి బాగా కలియబెట్టండి, ఆ తర్వాతే హార్డెనర్. రెంటికీ వేరు వేరు కొలత గ్లాసులు, వేరు వేరు పుల్లలు పెట్టుకోండి. కోబాల్ట్ ముందే కలిపి అమ్మే రెజిన్ కూడా ఉంది. దుకాణంలో అడిగి తెలుసుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే ఆగకుండా నీళ్లు పోస్తూ ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మామూలుగా హార్డెనర్ కిలో రెజిన్‌కు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. 35 డిగ్రీలు దాటిన రోజుల్లో 10 దగ్గరే ఉండండి. ఇంకా తగ్గిస్తే టైమ్ దొరుకుతుందనిపిస్తుంది కానీ ఫైబర్ పూర్తిగా గట్టిపడదు. టైమ్ కావాలంటే ఒకసారికి అర కిలో మాత్రమే కలపండి, లోతు డబ్బాలో కాకుండా వెడల్పు పళ్లెంలో పోసుకోండి. బోటు మీద టార్పాలిన్ నీడ కట్టండి. పొద్దున మంచు తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టి 11 గంటల్లోపు ఆపేయండి, మళ్లీ సాయంత్రం 4 తర్వాత. గాలిలో తేమ మరీ ఎక్కువున్న రోజు మ్యాట్ పని మానేసి గ్రైండింగ్ పెట్టుకోండి. గ్రైండ్ చేసేటప్పుడు మాస్క్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఆ దురద చన్నీళ్ల స్నానంతో పోతుంది, వేడినీళ్లతో ఎక్కువవుతుంది.

చివరి పొరలో మాత్రం మైనం కలిపిన టాప్‌కోట్ వాడండి, లేకపోతే పైభాగం జిగటగానే ఉండిపోతుంది. రోజూ ఒడ్డుకు లాగే బోటుకు నాచు, గుల్లలు పట్టకుండా వేసే ఖరీదైన అడుగు రంగు అక్కర్లేదు. నీళ్లలోనే ఉండే బోటుకు కావాలి.

బల్లల కింద పాత ఫోమ్ ఉంటే ఒక ముక్క కోసి పిండి చూడండి. నీళ్లు కారితే అంతా తీసేయండి. తడిసిన ఫోమ్ తేలడానికి సాయపడదు సరికదా, వంద కిలోలు ఊరికే మోయిస్తుంది. అది మోటార్ లెక్కను కూడా మార్చేస్తుంది.

ఇప్పుడు మోటార్

ముందు బరువు కాగితం మీద వేయండి. బాడీ 550 కిలోలు, వలలు 250, నలుగురు మనుషులు 280, ఐసు, చేపలు, ఇంధనం 300 అనుకుంటే 1,400 కిలోలు దాకా వస్తుంది. ఇలా బరువుతో నీళ్లను చీల్చుకుంటూ వెళ్లే బోటుకు సహజమైన వేగపు హద్దు ఒకటుంది. నీళ్లను తాకే పొడవు 23 అడుగులైతే అది సుమారు 6.4 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్లు. ఆ హద్దు దగ్గర హెచ్‌పీ పెంచితే వెనక భాగం దిగబడుతుంది, ముందు లేస్తుంది, ఇంధనం పోతుంది, వేగం పెద్దగా పెరగదు. హద్దు దాటి నీళ్ల మీద తేలుతూ పరిగెత్తాలంటే ఈ బరువుకు 40 హెచ్‌పీకి పైనే కావాలి, అడుగు ఆకారం కూడా దానికి తగ్గట్టుండాలి.

అందుకే ఇలాంటి బోటుకు 9.9 నుంచి 15 హెచ్‌పీ చాలు అంటాను. అలలు బలంగా విరిగే ఒడ్డు నుంచి దాటాల్సి వస్తే 15 వైపు మొగ్గండి. రెండు అలల మధ్య ఖాళీలో చటుక్కున బయటపడే తోపు అక్కడ అవసరం. 25 పెట్టాలనిపిస్తే ముందు బోటు తయారీ ప్లేటు మీద గరిష్ఠ హెచ్‌పీ రాసి ఉందేమో చూడండి.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ 36 నుంచి 40 కిలోల మధ్య ఉంటుంది, ఇద్దరు సులువుగా భుజానికెత్తుకుంటారు. విప్పి బాగుచేయడం తేలిక. ఫోర్ స్ట్రోక్ పది కిలోలు పైగా ఎక్కువ బరువు, ధర కూడా ఎక్కువ. కానీ పూర్తి థ్రాటిల్‌లో టూ స్ట్రోక్ గంటకు 6, 7 లీటర్లు తాగే చోట అది 5 లీటర్ల దగ్గర ఆగుతుంది. రోజుకు ఐదు గంటలు నడిపేవాళ్లకు పెట్రోల్ లీటరు 100 రూపాయలు దాటిన కాలంలో ఆ తేడాయే మోటార్ ధరను తిరిగి ఇచ్చేస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు దగ్గర్లో వేటకెళ్లేవాళ్లకు టూ స్ట్రోకే నయం.

మన తీరంలో చాలా ఫైబర్ బోట్ల మీద కనిపించే పొడవాటి షాఫ్ట్ డీజిల్ ఇంజన్‌ను కూడా తీసిపారేయొద్దు. గంటకు రెండు, రెండున్నర లీటర్లతో సరిపెట్టుకుంటుంది. లోతు తక్కువైన ఏరుల్లో ఫ్యాన్‌ను, అంటే నీళ్లలో తిరిగి బోటును నెట్టే రెక్కల్ని, పైకెత్తి నడపొచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్న బోటుకు రాష్ట్రం ఇచ్చే డీజిల్ రాయితీ, లీటరుకు రూ.9, అర్హతను బట్టి కలిసొస్తుంది. మోత, అదురు ఎక్కువ, వెనకాల తిరిగే షాఫ్ట్ దగ్గర పిల్లలూ వలలూ జాగ్రత్త. అన్నిటికీ మించి అడగాల్సిన ప్రశ్న: మీ ఊళ్లో ఏ ఇంజన్ మెకానిక్ ఉన్నాడు? 100 కిలోమీటర్ల దూరంలో స్పేర్ పార్టులు దొరికే మంచి మోటార్ కన్నా, పక్క వీధిలో బాగయ్యే సాదా మోటారే రోజుకు కూడు పెడుతుంది.

అవుట్‌బోర్డే, అంటే వెనక పలకకు బయట తగిలించే మోటారే, తీసుకుంటే షాఫ్ట్ పొడవు తప్పకుండా కొలవండి. పలక పైఅంచు మధ్య నుంచి అడుగు వరకు నిలువుగా టేపు పట్టండి. 15 అంగుళాల దగ్గరుంటే షార్ట్ షాఫ్ట్, 20 దగ్గరుంటే లాంగ్, 25 అయితే ఎక్స్‌ట్రా లాంగ్. బిగించాక ఫ్యాన్ పైన ఉండే అడ్డపు రేకు బోటు అడుగుతో సమంగానో, ఒక అంగుళం కిందకో రావాలి. పైకి ఉంటే ఫ్యాన్ గాలి పీల్చి ఊరికే అరుస్తుంది. మరీ కిందికి ఉంటే నీటి ఒరిపిడి పెరిగి ఇంధనం దండగ.

సెకండ్ హ్యాండ్ మోటార్ చూసేటప్పుడు చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉందంటే అనుమానించండి. పక్కన సన్న ధారగా నీళ్లు ఆగకుండా చిమ్మాలి. గేర్ ఆయిల్ ప్లగ్ కొద్దిగా వదులు చేసి చూడండి, ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే సీల్ పోయినట్టు. సిలిండర్ల కంప్రెషన్‌లో తేడా 10 శాతం దాటితే బేరం తగ్గించడం కాదు, తిరిగి వచ్చేయండి.

పెట్రోల్ విషయంలో ఒక కొత్త బెడద ఉంది. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అవుట్‌బోర్డు మాన్యువళ్లు ఎక్కువగా 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. డీలర్‌ను ఈ ప్రశ్న సూటిగా అడగండి. నీళ్లు వేరుచేసే ఫిల్టర్ పెట్టించండి. బోటులోనే కట్టిన పాత ఫైబర్ పెట్రోల్ ట్యాంకు ఉంటే వాడకండి, ఇథనాల్‌కు అందులోని రెజిన్ కరిగి కార్బొరేటర్‌లో చేరుతుంది. నిషేధం రెండు నెలలూ ట్యాంకులో పెట్రోల్ ఉంచొద్దు.

నీళ్లలోకి దించాక

మోటార్‌ను క్లాంపులతోనే వదలకుండా బోల్టులు కూడా వేసి, వెనక పెద్ద వాషర్లు పెట్టి, పలకకు గొలుసుతో కట్టండి. కొత్త మోటార్‌కు మొదటి 10 గంటలు పూర్తి థ్రాటిల్ ఇవ్వొద్దు. టూ స్ట్రోక్ అయితే ఆ గంటల్లో ఆయిల్ ఎక్కువ కలపాలి, ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. అవుట్‌బోర్డులకని టీసీ-డబ్ల్యూ3 ముద్రతో వచ్చే ఆయిలే పోయండి, బైకు ఆయిల్ వద్దు.

10 గంటలయ్యాక బోటును వేటకెళ్లేంత బరువుతో నింపి పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం చూడండి. మాన్యువల్‌లో ఇచ్చిన కొలత కన్నా తక్కువ తిరుగుతుంటే ఫ్యాన్ పిచ్ (ఒక చుట్టుకు ఫ్యాన్ ముందుకు సాగే దూరం) ఎక్కువైంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఖాళీ బోటుతో చూసి ఫ్యాన్ నిర్ణయించుకోకండి. మనిషి పడిపోతే మోటార్‌ను ఆపేసే తాడును చేతికి కట్టుకునే నడపండి, లైఫ్ జాకెట్లు మనిషికొకటి బోటులోనే ఉంచండి.

ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ మోటార్‌ను మంచినీళ్ల డ్రమ్ములో ఐదు నిమిషాలు తిప్పండి. నెల తర్వాత ఓసారి బోల్టులు బిగించి, పలక చుట్టూ మళ్లీ తట్టండి. మూలల్లో కొత్త గీత కనిపిస్తే మోటార్ దించి అక్కడ ఇంకో రెండు పొరలు వేశాకే మళ్లీ వేటకెళ్లండి.